మడతలో దాగిన విలువ

పని గల దినములలో సిరిసిల్ల వీథులలో ఎడతెగక వినవచ్చునది సాంచాల చప్పుడు. మరమగ్గములను ఆ ప్రాంతమువారు సాంచాలందురు. ఆ చప్పుడును నమ్ముకొని ఆసాములు, నేతపనివారు, భీములు మోయు హమాలీలు, కండెలు చుట్టు స్త్రీలు బ్రతుకుచున్నారు. అక్కడ నేసిన బట్ట చాలవరకు సాదాగా, మీటరు లెక్కన, అమ్ముడగుచున్నది. అట్టి సాదా బట్టయే మరియొక ఊరిలో మడతలు, కుచ్చులు పొంది, గౌనుగానో రవికగానో అంగడికెక్కినపుడు దాని వెల వేరు. నూలు మారలేదు, నేత మారలేదు. మారినది రూపు మాత్రమే. ఆ రూపు దిద్దిన చేతికి ముట్టిన కూలి మన గ్రామమునకు రాలేదు.

బట్టకు ఇట్లు రూపు దిద్దుటను నేడు కళాశాలలలో ఒక విద్యగా నేర్పుచున్నారు. ఆంగ్లమున దీనిని ఫ్యాబ్రిక్ మానిప్యులేషన్ అని పిలుతురు. రంగు అద్దకయే, నేత మార్చకయే, మడచి, కుట్టి, లాగి, ముడివేసి, వేడి చూపి బట్ట ఉపరితలమును మార్చుట దీని సారము. ఈ విద్య యెట్టిది, దీనిని నేర్చు విద్యార్థులు ఏమి చేయుదురు, వారు మన ఊరికి వచ్చినచో పంచాయతీ సభ్యులు ఏమి చేయవలెను అను విషయములను పాత కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల గ్రామములను దృష్టియందుంచుకొని ఇచట వివరింపబూనితిమి. 2016లో ఈ రెండు జిల్లాలు పెక్కు జిల్లాలుగా విడివడినను, ప్రత్తి, పట్టు, మగ్గము అను మూటి బంధము మాత్రము విడివడలేదు.

ఇది మనకు క్రొత్త కాదు

పేరు క్రొత్తదేగాని పని పాతదే. ఎదుగు ఆడపిల్లకు లంగా కుట్టించునపుడు తల్లి దర్జీతో చెప్పి క్రింది అంచున రెండు మూడు టక్కులు వేయించును. పిల్ల పొడవు పెరిగినకొలది ఏడాదికొక టక్కు విప్పుకొనవచ్చునని ఆమె ముందుచూపు. చూచువారికది అలంకారము, తల్లికది పొదుపు. చీర కట్టుకొనునపుడు కుచ్చిళ్ళు పోయుట కూడ ఈ విద్యలోనిదే. అది కుట్టులేని మడత. పాత చీరలను పొరలుగా పరచి, వరుస కుట్లు వేసి, బొంత తయారుచేయుటయు ఇందులోనిదే. పొరల నడుమ గాలి నిలుచుటచేతనే బొంత వెచ్చగా నుండును.

ఇక ఆదిలాబాదు తండాలలో లంబాడీ స్త్రీల ఫేటియాలను, కాంచళులను చూడుడు. గుడ్డముక్కలపై గుడ్డముక్కలు అతికి, అద్దములు పొదిగి, గవ్వలు గుచ్చి, దట్టముగా కుట్టు నింపి వారు బట్టకు బరువును, మెరుపును, బిగువును కల్పింతురు. కళాశాలలో విద్యార్థిని మొదటి సంవత్సరమున నేర్చుకొను పాఠములలో కొన్ని మన ఇండ్లలో ముసలమ్మల చేతివ్రేళ్లయందే యున్నవి. వ్రాతలో లేవు, అంతియే భేదము.

లెక్క తెలియవలెను

ఈ పనిలో మొట్టమొదట తెలియవలసినది బట్ట లెక్క. ఒకదాని ప్రక్క నొకటి తగులునట్లు ఒకే దిక్కునకు వేసిన మడతలు 1 మీటరు వెడల్పు రావలెనన్న 3 మీటర్ల బట్ట పట్టును. పైకి కనబడు పొర ఒకటి, లోనికి పోవు పొర ఒకటి, తిరిగి వచ్చు పొర ఒకటి, కావున మూడు. దారముతో లాగి పెట్టు కుచ్చులకు బట్ట పలుచదనమును బట్టి ఒకటిన్నర రెట్ల నుండి మూడు రెట్ల వరకు పట్టును. అర అంగుళము లోతు గల టక్కు ఒక అంగుళము బట్టను మ్రింగును. అట్టివి 10 వేసినచో 10 అంగుళములు తరుగును.

ఇందులో మేలును కలదు, కీడును కలదు. మూడు మీటర్లు పట్టు పనియన్న నేతవానికి మూడు మీటర్ల అమ్మకము. అది మేలు. కాని కుట్టిన స్త్రీ బట్ట తరుగును లెక్కింపక, ఒక మీటరు వస్తువుగా తలచి ధర చెప్పినచో ఆమె నష్టపోవును. మీటరు 40 రూపాయల బట్ట యనుకొందము. మడతలు వేసిన మీటరు ముక్కలో బట్ట ఖరీదే 120 రూపాయలు. దానిపై దారము, బొగ్గో కరెంటో, రెండు మూడు గంటల కూలి చేరవలెను. దానిని 150కి అమ్మివేసి, సరుకు చెల్లినదని సంతోషించుట తన కూలిని తానే దానము చేసికొనుట. గ్రామమున కుట్టుకేంద్రము నడపువారు ఈ లెక్కను గోడపై వ్రాసియుంచుట మంచిది.

నూలు స్వభావము

అన్ని బట్టలును ఒకే విధముగా మడతకు లొంగవు. ప్రత్తిబట్టకు ఇస్త్రీ చేసిన మడత పొడిగా నున్నంతవరకే నిలుచును. ప్రత్తిపోగులోని అణువులను కలిపి యుంచు పట్టును నీరు సడలించును గనుక, ఉతుకగనే మడత మాయమగును. కావున ప్రత్తిపై రూపు నిలువవలెనన్న దారపు కుట్టు కావలెను. పాలియెస్టరు మార్గము వేరు. దాదాపు 70, 80 డిగ్రీల వేడి దాటినపుడు దాని పోగు మెత్తబడి, ఇచ్చిన రూపును పట్టుకొని, చల్లారినపుడు ఆ రూపుననే బిగిసికొనును. కర్మాగారములలో 180 నుండి 200 డిగ్రీల వరకు వేడి చూపి మడతను మరింత దృఢపరతురు. 250 డిగ్రీలు దాటిన అది కరగిపోవును.

దీనిని ఇంటిలోనే పరీక్షింపవచ్చును. మూరెడు చదరపు ప్రత్తిముక్క ఒకటి, పాలియెస్టరు ముక్క ఒకటి తీసికొని, ఒక్కొక్కదానిలో 20 గోళీలు వేరువేరుగా పెట్టి, నూలుదారముతో బిగించి కట్టవలెను. వానిని ఇడ్లీపాత్రలో నీరు తగులకుండ ఉంచి అరగంట ఆవిరి పట్టవలెను. పూర్తిగా చల్లారి ఆరినపిదప ముడులు విప్పవలెను. రెండింటిపైనను బుడిపెలు కనబడును. పిమ్మట రెండింటిని చన్నీట ఉతికి ఆరవేయవలెను. ప్రత్తిముక్క చదునగును, పాలియెస్టరు ముక్కపై బుడిపెలు నిలుచును. అయితే ఆవిరితో నిలిపిన రూపును మరల ఉడుకునీట వేసిన సడలును. ఈ మాటను కొనువారికి చెప్పి అమ్మవలెను.

"ప్రత్తికి కుట్టు, పాలియెస్టరుకు వేడి" అని గుర్తుంచుకొన్న చాలును. ఆదిలాబాదు ప్రాంతము ప్రత్తికి పేరుపడినది. సిరిసిల్ల సాంచాలపై పాలియెస్టరు విరివిగా నేయబడుచున్నది. చెన్నూరు ప్రాంతపు అడవులలో మద్దిచెట్లపై దసలి పట్టుపురుగులను పెంచుదురు. దసలి బట్టకు సహజముగనే కొంత బిగువు కలదు గనుక దానిపై పెట్టిన కుచ్చు వాలిపోక నిలబడును. మూడు స్వభావములు గల మూడు పోగులు ఒకే ప్రాంతమున దొరకుట మన భాగ్యమే.

లోకమున జరిగినది

ఇటలీ దేశమున వెనిసు నగరమందు మరియానో ఫార్చ్యూనీ అను రూపశిల్పి 1907 ప్రాంతమున సన్నని పట్టుబట్టపై దారములవంటి మడతలు వేసి డెల్ఫాసు అను గౌనును సృష్టించెను. 1949లో ఆయన మరణించెను. ఆ మడతలు వేసిన తీరు యథాతథముగా నేటికిని రహస్యముగనే మిగిలినది. చెప్పక దాచిన విద్య చేసినవానితోనే పోవునని దీనివలన తెలియవలెను.

జపాను దేశపు ఇస్సే మియాకె 1980ల చివర పాలియెస్టరుపై మడతల పనిని ఆరంభించి, 1993లో ప్లీట్స్ ప్లీజ్ అను పేర దుస్తులను వెలువరించెను. ముందు బట్టను మడచి పిమ్మట కుట్టుట లోకరీతి. ఆయన దానిని తారుమారు చేసి, కావలసినదానికంటె రెండున్నర మూడు రెట్లు పెద్దదిగా దుస్తును ముందే కుట్టించి, పిమ్మట కాగితముల నడుమ నుంచి వేడియంత్రమున మడతలు వేయించెను. నలుగని, ఇస్త్రీ అక్కరలేని, తేలికయైన ఆ దుస్తులు ప్రపంచమంతట అమ్ముడైనవి. ఆయన వాడినది బంగారు పోగు కాదు. సిరిసిల్ల సాంచాపై ఆడు పాలియెస్టరు జాతిదే.

విద్యార్థిని ఏమి చేయును

హైదరాబాదులో 1995లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ శాఖ వెలసినది. అట్టి సంస్థలలో వస్త్రరూపకల్పన చదువు విద్యార్థులు చేతిపనులవారి గ్రామములకు వచ్చి నేర్చుకొనుట కలదు. అట్టి విద్యార్థిని యొకతె మీ ఊరికి వచ్చినదనుకొందము. ఆమె మొదట దుస్తు కుట్టదు. జానెడు ముక్కలపై నమూనాలు చేయును. ఒకే టక్కును దగ్గరగా, దూరముగా, అడ్డముగా, ఏటవాలుగా వేసి చూచును. ఒకే ముడిని ప్రత్తిపై, పాలియెస్టరుపై, దసలిపై వేసి పోల్చును. పది నమూనాలలో ఏడు పనికిరాకపోవచ్చును. వానిని పారవేయదు. ఎందుకు చెడినదో ప్రక్కన వ్రాసి పుస్తకమున అంటించును.

మంచి నమూనా పుస్తకమున ప్రతి ముక్క ప్రక్కన ఈ సంగతులుండవలెను. బట్ట ఏది, ఎక్కడ నేసినది, మడవకముందు కొలత యెంత, మడచినపిదప ఎంత, పట్టిన కాలమెంత, అయిదుసార్లు ఉతికినపిదప ఎట్లున్నది, ఆ పని ఎవరివద్ద నేర్చుకొనినది. ఈ చివరి సంగతియే తరచుగా విడిచివేయబడుచున్నది.

ఎందుకింత పట్టుదల

సిరిసిల్లలో నేర్పునకు కొదువలేదు. అగ్గిపెట్టెలో ఇముడు చీరను నేసిన నల్ల పరంధాములు ఆ ఊరివాడే. ఆయన కుమారుడు విజయ్ ఆ నేర్పును నిలుపుచున్నాడు. అయినను ఒకరిద్దరి నేర్పు వేలాది సాంచాలకు అన్నము పెట్టజాలదు. 2017 మొదలు కొన్ని యేండ్లు బతుకమ్మ చీరల నేత ప్రభుత్వము ద్వారా సిరిసిల్లకు లభించినది. తరువాత ఆ పంపిణీ ఆగి, 2025లో మహిళా సంఘముల సభ్యులకు చీరల పంపిణీ జరిగినది. ఈ ఆర్డర్లు వచ్చినపుడు పొయ్యి వెలిగినది, ఆలస్యమైనపుడు సాంచా ఆగినది. పని లేక, అప్పు తీరక నేతన్నలు ప్రాణములు తీసికొనిన వార్తలను ఈ ప్రాంతము ఎన్నోమారులు వినవలసివచ్చినది. ప్రభుత్వపు కొనుగోలు చేయూత. ఒక చేయూతపైననే ఎల్లకాలము నిలుచుట ఏ వృత్తికిని క్షేమము కాదు.

మడతల పనితో సాంచాలన్నియు నిండునని మేము చెప్పుట లేదు. ఒక సాంచా దినమునకు నేసిన బట్టను చేతితో మడచుటకు ఎన్నో దినములు పట్టును. కాని ఒక ఊరిలో ఇరువదిమంది స్త్రీలకు ఏడాది పొడుగున పని దొరకినను, ఆర్డరు ఆగిన నెలలో ఆ ఇండ్లకు వేరొక ఆధారముండును. ఈ భేదము చిన్నది కాదు.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది, స్థలము. సెలవుదినములలో ఖాళీగా నుండు గదినొకదానిని, బల్లలతోను వెలుతురుతోను, నమూనాల పనికి కేటాయింపవలెను. ఆవిరిపని చేయుచోట పసిపిల్లలు తిరుగకుండ చూడవలెను.

రెండవది, మనుష్యులు. గ్రామమున కుట్టు తెలిసినవారెవరు, బొంతలు కుట్టువారెవరు, తండాలో అద్దముల పని తెలిసిన పెద్దలెవరు అను జాబితా మహిళా సంఘముల సాయముతో తయారుచేయవలెను.

మూడవది, కూలి. నేర్పుటయు పనియే. ఒక వృద్ధురాలు రెండు దినములు కూర్చుండి విద్యార్థికి కుట్టు చూపినచో ఆ రెండు దినముల కూలి ఆమెకు ముట్టవలెను. ముందే మాట్లాడుకొనుట మర్యాద.

నాల్గవది, రెండు ప్రతులు. ప్రతి నమూనాయు జంటగా చేయించి, ఒకటి విద్యార్థితో పంపి, రెండవది, నేర్పినవారి పేరుతో, పంచాయతీ కార్యాలయమున భద్రపరుపవలెను. రేపు వ్యాపారి వచ్చి ఇది చేయగలరా యని అడిగినపుడు చూపుటకు అదియే ఆధారము.

అయిదవది, హక్కు. క్రొత్తగా కల్పించిన రూపమును 2000 సంవత్సరపు డిజైనుల చట్టము క్రింద రిజిస్టరు చేయించుకొనవచ్చును. దానికి 10 ఏండ్లు రక్షణ, పిమ్మట కోరినచో మరి 5 ఏండ్లు. అయితే దరఖాస్తునకు ముందే బయట ప్రకటించిన రూపమునకు ఈ రక్షణ దొరకదు. కావున అంగడిలో పెట్టుటకు ముందే, ఫోనులో నలుగురికి బొమ్మ పంపుటకు ముందే, ఆలోచించుకొనవలెను. తాతల నాటి కుట్టును ఎవరును తమ క్రొత్త కల్పన యని చెప్పుకొనజాలరు. అది పాతదని చూపుటకును మీ కార్యాలయములోని ఆ రెండవ ప్రతియే సాక్ష్యము.

పంచాయతీ సభ్యులారా, ఈ పనికి పెద్ద యంత్రము అక్కరలేదు. మూరెడు బట్ట, సూది దారము, ఇడ్లీపాత్ర, ఒక పుస్తకము చాలును. వచ్చు గ్రామసభనాడు పైన చెప్పిన గోళీల పరీక్షను పదిమంది యెదుట చేయించి చూపుడు. ఉతికిన తరువాత కూడ నిలిచిన బుడిపెను చేతితో తడిమి చూచిన నేతన్నకు, తన బట్టలో తానెరుగని గుణ మొకటి యున్నదని మన మాటలకంటె బాగుగా బోధపడును.