కొరత దినములలో మన తూకము



2020 మార్చి నెల మనలో ఎవరమూ మరచిపోలేదు. మందుల దుకాణానికి వెళ్తే మాస్కు లేదు, చేతులు శుభ్రము చేసుకొనే సానిటైజరు లేదు. పట్నములో ఉన్న కుమారుడో అల్లుడో ఫోనులో వెదికితే అక్కడ మాత్రము దొరికేది. ధర చూస్తే కళ్లు తిరిగేవి. పాలు, బియ్యము, సబ్బు, పసిబిడ్డ మందు ఏది కొరత పడినా ఇదే కథ. ఈ సంగతి బజారుకు సంబంధించినది, దీనితో మందిరానికి ఏమి పని అని కొందరు అనుకోవచ్చు. ఆమోసు ప్రవక్త అలా అనుకోలేదు. ఆయన గ్రంథము 8వ అధ్యాయములోని వర్తకులు అమావాస్య, విశ్రాంతిదినము ఎప్పుడు ముగుస్తాయా, ధాన్యము ఎప్పుడు అమ్ముదుమా అని ఎదురు చూస్తూ ఆరాధనలో కూర్చున్నవారే. కొలపాత్ర చిన్నది చేసి, ధర పెద్దది చేయాలన్నదే వారి ఆలోచన.

నేటి కొలపాత్ర ఫోనులో ఉన్నది. పల్లెలోని కిరాణా దుకాణాదారుడు ధర పెంచాలంటే ఎదుటి మనిషి ముఖము చూడాలి. ఆ మనిషి అతనికి అత్తో, బాబాయో, కనీసము అరువు పుస్తకములో పేరున్న ఖాతాదారో అయి ఉంటుంది. రేపు నూతి దగ్గర మళ్లీ ఎదురుపడాలి. ఆన్‌లైను అంగడిలో ఆ ముఖము లేదు. చాలాచోట్ల ఆ పెద్ద కంపెనీ తానే సరుకు అమ్మదు. వేలాదిమంది చిన్న అమ్మకందారులకు చోటిచ్చి కమీషను తీసుకుంటుంది. ధర నిర్ణయించేది ఆ అమ్మకందారు. కొన్నిసార్లు అతడు కూడా కాదు, ఇతరుల ధరలను గమనించి తన ధరను దానంతటదే మార్చే కంప్యూటరు ఏర్పాటు. సరుకు తగ్గిన కొలదీ అంకె పైకి పోతుంది. ఎవరి చెయ్యీ పెంచినట్టు కనబడదు గనుక ఎవరి మనస్సాక్షీ గుచ్చదు. మేము ఈ వ్యాసము వ్రాయుటకు ముఖ్యమైన కారణము ఇదే.

అమెరికాలోని టెన్నెస్సీ రాష్ట్రములో జరిగిన ఒక సంగతి ఆ దినములలో పత్రికలన్నిటిలో వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు 2020 మార్చి 1న సానిటైజరు కొనుట మొదలుపెట్టారు. ఒకడు ట్రక్కు తీసుకొని టెన్నెస్సీ నుండి కెంటకీ వరకు మూడు రోజులు, 1,300 మైళ్లు, అనగా రమారమి 2,100 కిలోమీటర్లు తిరిగాడు. పట్టణాల దుకాణములు అప్పటికే ఖాళీ అవుతున్నవి గనుక మారుమూల పల్లెల చిన్న దుకాణములలోని అరలు సైతము ఊడ్చాడు. మొదట అమెజానులో పెట్టిన 300 సీసాలు 8 డాలర్ల నుండి 70 డాలర్ల వరకు ధరకు వెంటనే అమ్ముడుపోయినవి. మరునాడే అమెజాను వారి అమ్మకమును ఆపివేసింది. ఇంట్లో 17,700 సీసాలు మిగిలిపోయినవి.

ఆ అన్న వాదన గమనించవలసినది. ఒకచోట మిగిలి ఉన్న సరుకును లేనిచోటికి చేరవేయుట సేవే గదా అన్నాడు. వినడానికి బాగానే ఉన్నది. కాని "మిగిలి ఉన్న" సరుకు అంటే ఏది? ఆ పల్లెలోని ముసలమ్మ వచ్చే వారము కొనుక్కోవలసిన సీసా. ఆమెకు ఇంటర్నెట్టు లేకపోవచ్చు, 70 డాలర్లు అంతకన్నా లేకపోవచ్చు. పల్లెవాసులమైన మనము ఈ భాగమును రెండుసార్లు చదవాలి. కొరత వచ్చినప్పుడు ఫోను చేతిలో ఉన్నవాని దగ్గరకు సరుకు ప్రయాణము చేస్తుంది, లేనివాని దగ్గర నుండి.

చివరకు ఏమైనది? ఆ రాష్ట్రపు అటార్నీ జనరలు కార్యాలయము దర్యాప్తు మొదలుపెట్టింది. సరుకులో మూడింట రెండు వంతులను దగ్గరలోని ఒక సంఘము వారు అవసరమున్నవారికి పంచుటకు లారీకి ఎక్కించుకొని వెళ్లారు. మిగిలిన వంతు కెంటకీకి పంపుటకు అధికారులు తీసుకొన్నారు. ఆ మార్చి నెలలోనే అమెజాను తన అంగడి నుండి 5 లక్షలకు పైగా అమ్మకపు ప్రకటనలను తొలగించామని, ఒక్క అమెరికాలోనే 3,900కు పైగా అమ్మకందారుల ఖాతాలను నిలిపివేశామని తెలిపింది. ఇంతమందిలో దుర్మార్గులు ఎందరు, అందరూ చేస్తున్నారు గదా అని చేసినవారు ఎందరు అన్నది దేవునికే తెలుసు. రెండవ గుంపే పెద్దదని మా అనుమానము.

మన దేశము విషయానికి వద్దాము. 2020 మార్చి 13న కేంద్ర ప్రభుత్వము మాస్కులను, సానిటైజరును 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టము కిందికి తెచ్చింది. మార్చి 21న ధరకు హద్దు పెట్టింది: రెండు పొరల మాస్కు 8 రూపాయలు, 200 మిల్లీలీటర్ల సానిటైజరు 100 రూపాయలు మించకూడదు. ఆ ఆజ్ఞ జూన్ 30 వరకు ఉన్నది. ఇంతలో మన తెలుగు పల్లెలలో స్వయం సహాయక సంఘాల స్త్రీలు కుట్టు మిషన్ల ముందు కూర్చొని మాస్కులు కుట్టారు. కొరతకు నిజమైన జవాబు ఆ మిషన్ల దగ్గర నుండి వచ్చిందని మేము నమ్ముతాము.

మరుసటి సంవత్సరము రెండవ అలలో ఆక్సిజను కొలిచే ఆక్సీమీటరు వంతు వచ్చింది. పొట్టు మీద అచ్చువేసిన ధరకే కొన్నాము గనుక మోసపోలేదని చాలామంది అనుకొన్నారు. అయితే 2021 జూలైలో ప్రభుత్వము ఆక్సీమీటరు, బీపీ యంత్రము, నెబ్యులైజరు, థర్మామీటరు, షుగరు పరీక్ష యంత్రము అనే ఐదింటి లెక్క తీసినప్పుడు, పంపిణీదారునికి చేరిన ధరకూ అచ్చువేసిన ధరకూ మధ్య లాభము 3 శాతము నుండి 709 శాతము వరకు ఉన్నదని తేలింది. అప్పుడే దానికి 70 శాతము హద్దు విధించారు. ఎమ్మార్పీ అంటే న్యాయమైన ధర కాదు, అంతకన్నా ఎక్కువ అడుగకూడదనే గీత మాత్రమే. ఆ గీతను ఎంత ఎత్తున గీయాలో గీసేవాని ఇష్టము.

వాక్యము ఏమంటుంది? సామెతలు 11:26 సూటిగా ఉన్నది: ధాన్యము బిగబట్టేవానికి జనుల శాపము, దానిని అమ్మేవానికి దీవెన. ఇక్కడ అమ్ముటను దేవుడు తప్పుపట్టలేదు. లాభమును కూడా కాదు. దూరము నుండి తెచ్చినవానికి లారీ కిరాయి, కూలి పెరిగితే ధర పెరుగుతుంది, అందులో పాపము లేదు. బిగబట్టుటే పాపము. లేవీయకాండము 25వ అధ్యాయము ఇంకొక అడుగు వేసి, చితికిపోయిన సహోదరునికి ఆహారమును లాభమునకు ఇయ్యకూడదంటుంది.

యోసేపు కూడా ధాన్యము కూర్చాడు గదా అని బైబిలు తరగతులలో యౌవనులు అడుగుతారు. మంచి ప్రశ్న. ఆయన కూర్చినది సమృద్ధిగా పండిన ఏడు సంవత్సరములలో, పంటలో ఐదవ వంతు. అప్పుడు దానివలన ఎవరి కుండా ఖాళీ కాలేదు. కరువు వచ్చినప్పుడు కొట్లు విప్పాడు. ఆ అన్నదమ్ములు చేసినది దీనికి తలక్రిందులు: కొరత మొదలైన తరువాత అరలు ఊడ్చి, కొట్టుకు తాళము వేశారు. (ఆదికాండము 47లో ప్రజలు పశువులను, పొలములను ఇచ్చుకొన్న సంగతి కష్టమైన భాగమే. దానిని వ్యాపారానికి మాదిరిగా చూపించే బోధకులతో మేము ఏకీభవించము.)

సమరయ ముట్టడిలో గాడిద తల 80 వెండి నాణెములకు అమ్మినట్లు రెండవ రాజులు 6లో చదువుతాము. మరుసటి అధ్యాయములో ఒక్క రాత్రిలో ధర కూలిపోయింది. అధిక ధరకు కొని దాచినవాడు ఎవడైనా ఆ ఉదయము ఏమై ఉంటాడో! ఆహారము మొదట కనుగొన్నవారు ఊరి బయట ఉన్న నలుగురు కుష్ఠరోగులు. వారు తిని, త్రాగి, కొంత దాచుకొన్నారు కూడా. తరువాత తాము చేస్తున్నది మంచిది కాదని తమలో తాము చెప్పుకొని పట్టణానికి కబురు చెప్పారు.

మన సంఘములలో దుకాణము నడిపే విశ్వాసులు ఉన్నారు. ఫోను ద్వారా సరుకు కొని తిరిగి అమ్మి నాలుగు రూపాయలు సంపాదించే యౌవనులు ఉన్నారు. ఉద్యోగము లేని ఇంట్లో ఆ నాలుగు రూపాయలే బియ్యము. వారిని నిందించుట మా ఉద్దేశము కాదు. ఒక్కటే అడుగుతాము. కొరత వార్త రాగానే నీవు కొంటున్న పది పెట్టెలు నీవు కొనకపోతే రేపు ఎవరి ఇంటికి వెళ్లేవి? ఆ ఇంటివారి పేరు నీకు తెలిస్తే అదే ధర చెప్పగలవా?

కొనేవారికి కూడా ఒక మాట. 2016 నవంబరులో ఉత్తర భారతదేశములో ఉప్పు కొరత అని పుట్టిన వదంతికి జనము ఎగబడి, కిలో ఉప్పు వందల రూపాయలు పలికింది. ఉప్పు పండించే దేశములలో మనది ముందు వరుసలో ఉన్నది, కొరత లేనే లేదు. ఫోనులో వచ్చిన ప్రతి కబురును సంఘమంతటికీ పంపించే ముందు రేషను డీలరునో, దుకాణాదారునో ఒకసారి అడగండి. ఆదివారము ఆరాధన తరువాత స్త్రీల సమాజము వారు నాలుగు కుటుంబములకు కలిపి ఒకే మూట కొని పంచుకొంటే, ఎవరి ఇంట్లోనూ పది మూటలు ఉండవు, ఎవరి ఇల్లూ ఖాళీగా ఉండదు.

అచ్చువేసిన ధరకన్నా ఎక్కువ తీసుకొన్నా, కొరత కాలములో అన్యాయమైన ధర పెట్టినా మౌనముగా ఉండనక్కరలేదు. 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్సు నియమముల ప్రకారము, సరుకు ఎంత అత్యవసరమైనదో, పరిస్థితి ఎంత అసాధారణమైనదో చూడకుండా అధిక లాభము కొరకు ధరను మార్చుట ఆన్‌లైను కంపెనీలకు నిషేధము. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము ఫోను నంబరు 1915. ఫోను చేసే ముందు బిల్లు, ప్యాకెట్టు మీద ధర కనబడే ఫోటో, ఆర్డరు నంబరు దగ్గర పెట్టుకోండి. ప్యాకెట్టు చింపి పారవేయకండి. చదువురాని పెద్దలకు యౌవనుల సమాజములోని ఒకరు ప్రక్కన కూర్చొని ఆ వివరములు చెప్పించవచ్చు.