అహోరాత్రపు పందెము

రొద్దం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతముల వారికి 44వ జాతీయ రహదారి చిరపరిచితము. శ్రీనగరమునుండి కన్యాకుమారి వరకు సుమారు 3,700 కిలోమీటర్ల పొడవున సాగు ఆ దారి పెనుకొండ సమీపముగా పోవుచున్నది. దాని ప్రక్కనే, ఎర్రమంచి గ్రామమువద్ద, 2019వ సంవత్సరమున కియా సంస్థవారి కార్ల కర్మాగారము పని ప్రారంభించినది. అచ్చట తయారగు కార్లు వేలకు వేలు. ఒకే నమూనా కార్లలో ఒకదానికిని మరియొకదానికిని భేదముండదు. ధనమిచ్చి ఎవరైనను కొనవచ్చును. కాని పందెముకొరకే నిర్మింపబడి, అంగడికి ఎన్నడును రాని కార్లు కొన్ని కలవు. వానిని ‘ప్రోటోటైపు’లందురు. అట్టి కారొకటి 1991వ సంవత్సరమున ఒక్క అహోరాత్రములో ఈ రహదారి పొడవును మించిన దూరము పరుగెత్తినది. దాని పేరు మజ్దా 787బి. ‘గ్రాన్ టూరిస్మో’ వంటి వీడియో ఆటలలో నేటి బాలబాలికలు పలువురు దానిని చూచియే యుందురు.

ఫ్రాన్సు దేశమున లెమాన్ అను పట్టణము కలదు. అచ్చట 1923లో ఆరంభమైన ఓర్పు పందెము లోకప్రసిద్ధము. సాధారణముగా పందెములలో నిర్ణీతమైన దూరమును ముందుగా దాటినవాడు విజేత. ఇచ్చట నిర్ణీతమైనది దూరము కాదు, కాలము. 24 గంటలలో అన్నిటికంటె ఎక్కువ దూరము పోయిన కారే గెలుచును. ఒక్కొక్క చుట్టు 13 కిలోమీటర్లకు పైబడి యుండును. అందు కొంత భాగము తక్కిన దినములలో జనులు రాకపోకలు సాగించు మామూలు బాటయే. ఒక్కొక్క కారును ముగ్గురు చోదకులు వంతులవారీగా నడుపుదురు. ఒకరు నడుపుచుండగా తక్కినవారు విశ్రమింతురు; కారునకు మాత్రము విశ్రాంతి లేదు. ఇంధనము పోయుటకును, చక్రములు మార్చుటకును ఆగినంతసేపును గడియారము నడచుచునే యుండును.

ఇట్టి పరుగునకు కారు తేలికగా నుండవలెను, దృఢముగాను ఉండవలెను. అందుచేత దాని దేహమును కర్బనపు నారలతో పొరలుపొరలుగా పేర్చి గట్టిపరతురు. మజ్దా 787బి బరువు 830 కిలోగ్రాములు మాత్రమే. పక్షి రెక్క గాలివలన పైకి లేచును గదా! ఈ కారు ఆకారము దానికి విపర్యయము. వేగము హెచ్చినకొలది గాలియే కారును నేలకు అదిమిపట్టును. కావున మలుపులలో చక్రములు పట్టు తప్పవు.

మజ్దా విశేషమంతయు దాని యంత్రములో నున్నది. సామాన్యమైన కారు యంత్రమున పిస్టను రోకలివలె పైకిని క్రిందికిని ఆడుచుండును. మజ్దా యంత్రమున రోకటి పోటు లేదు. తిరుగలి త్రిప్పుడు కలదు. నడుము నొక్కిన కోడిగ్రుడ్డు వంటి గదిలో ఉబ్బిన ప్రక్కలుగల త్రికోణపు దిమ్మె యొకటి తిరుగును. అది తిరుగుచుండగా గది గోడకును దానికిని నడుమనున్న ఖాళీ స్థలము పెరుగుచు తరుగుచు నుండును. ఆ స్థలములోనే ఇంధనము గాలితో కలిసి చేరుట, అదుముడు పడుట, మండుట, పొగయై వెడలుట వరుసగా జరుగును. జర్మనీ దేశీయుడైన ఫెలిక్స్ వాంకెల్ పేర ఈ యంత్రము ప్రసిద్ధమైనది. దిమ్మె మూలలు గోడను ఒరసి అరిగిపోవుట దీని దోషము. జపానులోని హిరోషిమాకు చెందిన మజ్దా సంస్థ ఆ దోషముతో ఏండ్లతరబడి పెనగులాడి, 1967లో తన మొదటి తిరుగుడు యంత్రపు కారును విక్రయించెను. 787బిలో ఇట్టి దిమ్మెలు నాలుగు కలవు.

పందెపు నియమములు మారనుండుటచే ఈ యంత్రమునకు 1991వ సంవత్సరమే కడపటి అవకాశము. ఆ జూను 22న మజ్దా సంస్థవారు మూడు కార్లను పందెమున నిలిపిరి. వారు గెలుతురని తలచినవారు అరుదు. జర్మనీవారి మెర్సిడెస్ కారు రాత్రియెల్ల ముందుండెను. ఇంకను సుమారు మూడు గంటలు మిగిలియుండగా దాని యంత్రము వేడెక్కి ఆగిపోయెను. నారింజ, ఆకుపచ్చ రంగుల 55వ సంఖ్య మజ్దా ముందునకు వచ్చెను. వైడ్లర్, గాషో, హెర్బర్ట్ అను మువ్వురు దాని చోదకులు. హెర్బర్ట్ తుదివరకు నడిపి, దాహముతోను వేడిమితోను సొమ్మసిల్లి, విజయవేదిక నెక్కలేకపోయెను. ఆ కారు 362 చుట్లు, అనగా 4,900 కిలోమీటర్లకు పైగా, పరుగెత్తెను. మిగిలిన రెండు మజ్దాలును ఆరవ, ఎనిమిదవ స్థానములలో గమ్యము చేరెను. లెమానులో జపాను కారు గెలుచుట అదియే ప్రథమము.

ఓర్పు పందెమున కడ నిమిషము కూడ నమ్మదగినది కాదు. 2016లో టయోటా కారు ముందుండి, మూడు నిమిషములలో పందెము ముగియుననగా శక్తి నశించి గమ్యరేఖ యొద్దనే నిలిచిపోయెను. యంత్రమునకు గాలి నందించు గొట్టపు అతుకొకటి చెడుటయే కారణము. పోర్షె గెలిచెను. టయోటావారు నిరాశపడి మానుకొనలేదు. 2018లో జయము సాధించిరి.

వీడియో ఆటలో కారు గోడకు తగిలినచో మీట నొక్కి మరల మొదలిడవచ్చును. లెమాను బాటపై అట్టి మీట లేదు. అయినను ఆట వ్యర్థమని చెప్పరాదు. జాన్ మార్డెన్‌బరో అను బ్రిటిషు యువకుడు గ్రాన్ టూరిస్మో ఆటద్వారా జరిగిన పోటీలో 2011లో నెగ్గి, కఠినమైన శిక్షణ పొంది, 2013లో లెమానున నిజమైన ప్రోటోటైపు నడిపెను. అంతకు ముందటి యేడు చెన్నపట్టణమున పుట్టిన కరుణ్ చాందోక్ అదే పందెమున పాల్గొనగా, అతని జట్టు ఆరవ స్థానము పొందెను.

మజ్దా 787బి నేడు హిరోషిమాలో భద్రముగా నున్నది. దానికంటె వేగము గల కార్లు ఆనాడును లేకపోలేదు. కాని ఇరువది నాలుగు గంటలును చెడక, అలయక సాగినదే గెలిచినది. ఒక్క గడియ వేగము చూపరులను మురిపించును. జయమును తెచ్చునది తుదిదాక నిలుచు పనితనము.