కూలింగ్ గ్లాస్ పెట్టుకుని వెల్డింగ్ చేయొచ్చా?

మన కాలేజీలో సీఎస్‌ఈ అయినా సివిల్ అయినా ఫస్ట్ ఇయర్ వర్క్‌షాప్ ల్యాబ్ తప్పదు. కార్పెంటరీ, ఫిట్టింగ్, హౌస్ వైరింగ్, టిన్ స్మితీ, వీటి మధ్యలో ఒక వారం వెల్డింగ్. ఒక చేతిలో షీల్డ్, ఇంకో చేతిలో రాడ్ హోల్డర్. రెండు ముక్కలు అతికించి, రికార్డులో బొమ్మ గీసి, సంతకం పెట్టించుకుంటే అయిపోయినట్టే. ఆ తర్వాత మా బ్రాంచ్ వాళ్ళకి దానితో మళ్ళీ పని పడదు. నాకు పడింది. బాజా టీమ్ వాళ్ళు సెన్సర్ డేటా చూసుకోవడానికి ఒక కోడర్ కావాలంటే వెళ్ళాను. అక్కడ కోడ్ రాసిన సమయం కన్నా పైపులు పట్టుకుని నిలబడిన సమయమే ఎక్కువ.

బాజా తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క: విద్యార్థులే డిజైన్ చేసి, తయారుచేసి, మట్టి ట్రాక్ మీద నడిపే ఒంటి సీటు బండ్ల పోటీ అది. బండి చుట్టూ పైపుల పంజరం ఉంటుంది, రోల్ కేజ్ అంటారు. బండి పల్టీ కొడితే డ్రైవర్ తలని కాపాడేది అదే. ఎంత మంచి స్టీల్ పైపు కొన్నా, రెండు పైపులు కలిసిన చోట వెల్డ్ పట్టకపోతే ఆ పంజరం పేరుకే పంజరం. దాన్ని వెల్డ్ చేసేది మన పక్క బెంచీ వాళ్ళు, లోపల కూర్చునేదీ మన పక్క బెంచీ వాడే.

కాబట్టి ముఖానికి ఏం పెట్టుకోవాలి, గన్ ఎలా పట్టుకోవాలి అని తెలుసుకోవడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకి అర్థమైంది, ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు కావు. వెల్డింగ్ నేర్చుకోవడం అంటే ముందు చూడటం నేర్చుకోవడం. మంట కింద కరిగిన లోహం చిన్న మడుగులా ఉంటుంది. దాని అంచు కనిపిస్తే చెయ్యి దానంతట అదే దారిలో పడుతుంది. కనిపించకపోతే చెయ్యి ఎంత నిలకడగా ఉన్నా గుడ్డిగా గీత గీసినట్టే.

(వెల్డింగ్‌కి తెలుగు మాట లేదా అని మా ఎడిటర్ అడిగాడు. టంకం ఉంది గానీ అది సోల్డరింగ్. అక్కడ అసలు ముక్కలు కరగవు, మధ్యలో పెట్టింది మాత్రమే కరుగుతుంది. వెల్డింగ్‌లో ముక్కల అంచులే కరిగి ఒకటైపోతాయి. ఇక అతుకు అంటే చిరిగిన చొక్కాకి కూడా వేస్తారు. అందుకే షాపుల్లో అన్నలు అన్నట్టే వెల్డింగ్ అని ఉంచేశాను.)

ఇప్పుడు టైటిల్‌లో ఉన్న ప్రశ్న. మీ ఊళ్ళో గేట్లు, గ్రిల్స్ చేసే షాపు ముందు నుంచి వెళ్ళే ఉంటారు. అక్కడ మామూలు నల్ల కళ్ళద్దాలు పెట్టుకునో, ఏమీ లేకుండా తల పక్కకి తిప్పుకునో వెల్డింగ్ చేసే అన్నలు కనిపిస్తారు. వాళ్ళకేం కావట్లేదు కదా అని మన వాళ్ళు కూడా అదే పని చేస్తారు. దీనికి లెక్కతో జవాబు చెప్పొచ్చు.

వెల్డింగ్ అద్దం ఎంత నలుపో చెప్పేది షేడ్ నంబర్. అది లాగరిథమ్ స్కేలు. అద్దంలోంచి వచ్చే వెలుగు వాటాని తలకిందులు చేసి, దానికి బేస్ 10లో లాగ్ తీసి, 7/3తో గుణించి, 1 కలిపితే షేడ్ వస్తుంది. అంటే ఒక్క నంబర్ పెరిగితే వచ్చే వెలుగు ముందున్న దాంట్లో సుమారు 37 శాతానికి పడిపోతుంది. షేడ్ 10 దగ్గర దాదాపు 7200 వంతుల్లో ఒక వంతు వెలుగే లోపలికి వస్తుంది. షేడ్ 11 దగ్గర 19 వేల వంతుల్లో ఒకటి. మరి కూలింగ్ గ్లాస్? అది పదో వంతు వెలుగుని వదిలేదే అనుకుందాం. లెక్క వేస్తే షేడ్ మూడు దాటి కొంచెం. షేడ్ 10 అద్దంతో పోలిస్తే 700 రెట్లకి పైగా వెలుగు కంట్లో పడుతుంది.

కంటికి కనిపించే వెలుగు సంగతి ఇది. కనిపించని అతినీలలోహిత కిరణాలు ఇంకో గొడవ. మంచి కూలింగ్ గ్లాస్ వాటిని ఎదురుగా అడ్డుకున్నా, పక్కల నుంచీ కింద నుంచీ వచ్చే వాటిని ఆపలేదు. ముఖానికి, మెడకి అసలు రక్షణే లేదు. ఈ కిరణాలు కంటి నల్లగుడ్డు మీదుండే పారదర్శకమైన పొరని, అంటే కార్నియాని, కాలుస్తాయి. ఇందులో మోసం ఏమిటంటే నొప్పి వెంటనే రాదు. చాలావరకు ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత మొదలవుతుంది. సాయంత్రం వెల్డింగ్ చేసినవాడు హాయిగా భోంచేసి పడుకుంటాడు, అర్ధరాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు మంటతో లేస్తాడు. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. బంగాళదుంప ముక్కలు పెట్టుకోమని చెప్పేవాళ్ళు ఉంటారు. చల్లగా ఉంటుందేమో గానీ అది వైద్యం కాదు, కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. దీర్ఘకాలం సంగతి ఇంకా సీరియస్. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగనీ, వెల్డింగ్ నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలనీ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది.

గన్ పట్టుకున్నవాడికి ఏదో ఒక షీల్డ్ ఉంటుంది. పైపు పట్టుకున్న జూనియర్‌కి? "టాకా వేస్తున్నా, కళ్ళు మూసుకోరా" అంటారు. టాకా అంటే ముక్క కదలకుండా ముందుగా పెట్టే చిన్న చుక్క వెల్డ్. ఒక కేజ్‌కి అలాంటివి వందల్లో పడతాయి. ప్రతిసారీ ఇద్దరి టైమింగ్ కలవాలి. కలుస్తుందని నమ్ముకుని కళ్ళు అప్పజెప్పడం నాకు అస్సలు నచ్చదు.

సరే, ఏది కొనాలి? చేత్తో పట్టుకునే షీల్డ్ చవక, కానీ ఒక చెయ్యి దానికే పోతుంది. గన్‌ని రెండో చేత్తో ఆనించే వీలుండదు. తలకి పెట్టుకునే మామూలు హెల్మెట్‌లో స్థిరమైన నల్ల అద్దం ఉంటుంది. మంట రాకముందు అందులోంచి ఏమీ కనిపించదు. గన్‌ని సరైన చోట పెట్టి, తల విదిలించి హెల్మెట్ కిందికి పడేసి, అప్పుడు ట్రిగ్గర్ నొక్కాలి. అలవాటైన వాళ్ళు అద్భుతంగా చేస్తారు. కొత్తవాళ్ళకి ఆ విదిలింపులోనే గన్ ఒక సెంటీమీటరు జరిగిపోతుంది.

మూడోది దానంతట అదే నల్లబడే ఆటో డార్కెనింగ్ హెల్మెట్. 1981లో స్వీడన్‌లో హోర్నెల్ కంపెనీ స్పీడ్‌గ్లాస్ పేరుతో తెచ్చింది. అందులో ఉండేది మన క్యాలిక్యులేటర్ స్క్రీన్‌లో ఉండేలాంటి లిక్విడ్ క్రిస్టలే. ముందున్న సెన్సర్లు మంటని పసిగట్టగానే అద్దం నల్లబడుతుంది. ఎంత త్వరగా అంటే, చాలా మోడల్స్‌లో సెకనులో 25 వేలో వంతు, అంటే 0.04 మిల్లీసెకన్లు. మన 60 హెర్ట్జ్ మానిటర్ ఒక్క ఫ్రేమ్ మార్చేలోపు ఇది 400 సార్లు నల్లబడగలదన్నమాట.

"బ్యాటరీ అయిపోతే కళ్ళు పోతాయా?" అని అందరూ అడుగుతారు. ప్రమాణాలకి తగ్గట్టు చేసిన హెల్మెట్‌లో అతినీలలోహిత, పరారుణ కిరణాలని ఆపే పొర ఎప్పుడూ ఉంటుంది. దానికి కరెంటుతో సంబంధం లేదు. అద్దం నల్లబడకపోతే మిరుమిట్లు గొలుపుతుంది, వెంటనే ఆపేయాలి, కానీ కార్నియా కాలదు. ఇక్కడ ముఖ్యమైన మాట "ప్రమాణాలకి తగ్గట్టు". ఏ గుర్తూ లేని వెయ్యి రూపాయల హెల్మెట్‌లో ఆ పొర ఉందో లేదో మనం చూసి చెప్పలేం. కాబట్టి డబ్బా మీది రంగుల డ్రాగన్ బొమ్మ కాదు, అద్దం మీద చెక్కిన అక్షరాలు చూడండి. ఈఎన్ 379 అని, దాంతోపాటు 1/1/1/2 లాంటి నాలుగు అంకెలు ఉంటాయి. బొమ్మ ఎంత స్పష్టంగా ఉంది, వెలుగు ఎంత చెదురుతోంది, నలుపు అంతటా ఒకేలా ఉందా, వాలుగా చూస్తే మారుతోందా అనేవి ఆ నాలుగూ చెప్తాయి. అన్నీ 1 అయితే శ్రేష్ఠం. నాలుగోది 3 అయితే తల కొంచెం వంచగానే నలుపు మారిపోతుంది, పైపు చుట్టూ వెల్డ్ చేసేటప్పుడు చిరాకు.

మా లాంటి పనికి నేను ఎక్కువ మార్కులు వేసేది సెన్సర్ల సంఖ్యకి. టేబుల్ మీద ప్లేటు వెల్డ్ చేయడానికి రెండు చాలు. కేజ్ లోపల తల దూర్చినప్పుడు మధ్యలో ఏదో ఒక పైపు అడ్డొస్తుంది. రెండు సెన్సర్లూ దాని నీడలో పడితే అద్దం తెల్లబడి మంట సూటిగా కనిపిస్తుంది. నాలుగు ఉంటే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. నలుపుని 9 నుంచి 13 వరకు మార్చుకునే వీలుండాలి. మంట లేనప్పుడు షేడ్ 4 కన్నా 3 ఉంటే మన వర్క్‌షాప్ మసక ట్యూబ్‌లైట్ల కింద నయం. గ్రైండింగ్ మోడ్ ఉంటే అది ఆపే వరకు అద్దం నల్లబడదని గుర్తుంచుకోవాలి. ఇంకోటి: బయటి పలచని ప్లాస్టిక్ కవర్ మీద నిప్పురవ్వలు పడి మచ్చలైతే చాలామంది హెల్మెట్టే పాడైంది అనుకుంటారు. అది మార్చుకునేదే, చాలా తక్కువ ఖర్చు.

షేడ్ ఎంత పెట్టాలి? మిగ్ వెల్డింగ్‌కి అమెరికన్ ప్రమాణాల పట్టిక ప్రకారం 60 నుంచి 160 ఆంపియర్ల మధ్య కనీసం 10, సూచించేది 11. మొదట మరీ నల్లగా పెట్టి, మడుగు అంచు స్పష్టంగా కనిపించే వరకు ఒక్కో మెట్టు తగ్గించాలి, 10 దాటి కిందికి వెళ్ళకూడదు.

ఇక గన్. మిగ్‌ని మన షాపుల్లో ఎక్కువగా సీఓటూ వెల్డింగ్ అంటారు, కార్బన్ డయాక్సైడ్ వాయువు వాడతారు కాబట్టి. రాడ్ బదులు చుట్ట చుట్టిన సన్నటి తీగ ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే రోలర్లు తీగని బయటికి తోస్తాయి, కరెంటు వస్తుంది, చుట్టూ గ్యాస్ వచ్చి కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపాడుతుంది. సిలిండర్ నుంచి వచ్చే గ్యాస్ వ్యాకోచించి చల్లబడటం వల్ల రెగ్యులేటర్ గడ్డకట్టకుండా దానికి హీటర్ కూడా తగిలిస్తారు.

సీఎస్ వాళ్ళకి నచ్చే భాగం ఇది. మిషన్ వోల్టేజీని స్థిరంగా ఉంచుతుంది. మన చెయ్యి వణికి గన్ కొంచెం దగ్గరైతే మంట పొట్టిదవుతుంది, కరెంటు పెరుగుతుంది, తీగ వేగంగా కరుగుతుంది, మంట మళ్ళీ పాత పొడవుకి వస్తుంది. దూరమైతే దీనికి రివర్స్. ఏ ప్రోగ్రామూ లేని నెగటివ్ ఫీడ్‌బ్యాక్ లూప్. రాడ్ వెల్డింగ్‌లో ఈ పని మణికట్టు చేయాలి. మిగ్ త్వరగా వస్తుంది అనడానికి కారణం ఇదే.

మనం పెట్టేవి ముఖ్యంగా రెండు: తీగ వేగం, వోల్టేజీ. వేగం పెంచితే కరెంటు పెరుగుతుంది. వోల్టేజీ పెంచితే వెల్డ్ వెడల్పుగా, చదునుగా పరుచుకుంటుంది. బాజా కేజ్ పైపు మందం 3 మి.మీ. అనుకుంటే 0.8 మి.మీ. తీగతో 120 ఆంపియర్ల చుట్టుపక్కల, 18 లేదా 19 వోల్టులు, గ్యాస్ నిమిషానికి 10 నుంచి 15 లీటర్లతో మొదలుపెట్టొచ్చు. తర్వాత చెవిని నమ్మాలి. సెట్టింగ్ కుదిరితే మిరపకాయ బజ్జీలు వేగుతున్నట్టు ఆగకుండా చిటపటలాడుతుంది. తీగ గన్‌ని వెనక్కి తోస్తూ టకటకమంటే వేగం ఎక్కువైనట్టు. తీగ చివర పెద్ద బొట్టు కట్టి తుప్పుమని రాలితే వేగం తక్కువైనట్టు.

ముందు తుప్పు, రంగు గ్రైండ్ చేసి మెరిసే లోహం తేవాలి, ఎర్త్ క్లాంపు కూడా అలాంటి చోటే బిగించాలి. జింకు పూత పైపుల మీద వద్దు, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. పాలియెస్టర్ టీమ్ టీషర్టు తీసేసి కాటన్ ఫుల్ హ్యాండ్స్, తోలు గ్లవ్స్, షూస్. ఫ్యాన్ నేరుగా వెల్డ్ మీదికి తిప్పితే గ్యాస్ ఎగిరిపోయి లోహం నిండా చిల్లులు పడతాయి. అలాగని తలుపులు మూసి పొగలో కూర్చోమని కాదు, గాలి పక్కగా ఆడాలి.

తీగ గన్ నుంచి సుమారు 10 మి.మీ. బయటికి ఉండాలి. గన్‌ని 10, 15 డిగ్రీలు వాల్చి, వెల్డ్ వెళ్ళే దిశలోకి తోస్తున్నట్టు నడపాలి. మోచెయ్యి దేనికైనా ఆనించండి. ట్రిగ్గర్ నొక్కకుండా ఒకసారి దారంతా ఉత్తి చేత్తో నడిపి చూడండి, మధ్యలో మణికట్టు ఎక్కడ ఇరుక్కుంటుందో తెలుస్తుంది. నొక్కాక కళ్ళు మంట మీదికే పోతాయి, మెరిసేది అదే కదా. చూడాల్సింది దాని ముందున్న మడుగు అంచుని. ఆ అంచు రెండు ముక్కల్నీ సమానంగా తింటూ ముందుకు పోతోందా? ఒక పక్కకే తింటుంటే గన్ కొంచెం తిప్పాలి. ఈ చూపు కోసమే పైన హెల్మెట్ గురించి అంత గొడవ.

మిగ్‌లో ఒక పెద్ద మోసం ఉంది. వేడి చాలకపోయినా వెల్డ్ అందంగా రాగలదు. పైన నాణేలు పేర్చినట్టు నీటుగా ఉంటుంది, కింద మాత్రం లోహం కరగకుండా వెన్నముద్దలా ఊరికే కూర్చుని ఉంటుంది. ఫోటోలో తేడా తెలియదు. అందుకే కేజ్ ముట్టుకునే ముందు అదే మందం ముక్కలతో టీ ఆకారంలో ఒక్క వైపు మాత్రమే వెల్డ్ చేసి, చల్లారాక వైస్‌లో బిగించి, వెల్డ్ తెరుచుకునే దిశలో సుత్తితో వంచాలి. వంగినా ఊడకపోతే, లేదా లోహం చిరిగి గరుకుగా విరిగితే పట్టినట్టు. ఒక ప్లేటు నుంచి నున్నగా ఊడొచ్చి, గ్రైండర్ గీతలు ఇంకా అలాగే కనిపిస్తుంటే అది అసలు కరగనే లేదు. అప్పుడు వోల్టేజీ, తీగ వేగం రెండూ కొంచెం పెంచి, ఇంకో టీ.