పెరటితోటయు చేతిచలువయు

గుమ్మడిపాదు పిందె వేయగానే మన యిండ్లలో పెద్దలు పిల్లలకు చెప్పు మొదటి మాట యొకటి కలదు. “వేలుపెట్టి చూపకండి, పిందె కుళ్లిపోతుంది” అని. పిల్లలు భయపడి చేతులు వెనుకకు దాచుకొందురు. అయినను నాలుగు దినములలో ఆ పిందె పసుపువన్నెకు తిరిగి, మొన మెత్తబడి, రాలిపోవును. అంతట వెదకులాట మొదలగును. ఎవరు వేలు చూపిరి? ఎవరి కన్ను పడినది? ముట్టరాని దినములలో పాదుదరికి ఎవరు పోయిరి? ఆ నింద తుదకు ఇంటి స్త్రీలలో నెవరో యొకరిమీద, తఱచుగా క్రొత్తకోడలిమీద, వచ్చి నిలుచును.

దీనికి తోడు చేతిచలువ యను మాట యొకటి కలదు. ఒక యింట తోటకూర గుబురుగా పెరిగినచో ఆ యిల్లాలి చేయి చల్లనిదందురు. పొరుగింట అదే విత్తనము మొలవకపోయినచో ఆమె చేయి అచ్చిరాలేదందురు. ఇట్లు రెండుమార్లు అనిపించుకొన్న యువతి మఱల విత్తనము చేతబట్టదు. పెరటితోటలకు పురుగువలన గలుగు నష్టముకంటె ఈ మాటవలన గలుగు నష్టమే పెద్దదని మా యభిప్రాయము. మొక్కకు చేయి తెలియదు. దానికి తెలిసినవి ఋతువు, నేల, నీరు, పురుగు. జయమునకైనను అపజయమునకైనను కారణమును మొదట వీనియందే వెదకవలెను.

పిందె యేల రాలును?

గుమ్మడి, సొర, బీర, కాకర, పొట్ల మొదలగు పాదులలో ఒకే తీగపై మగపూవులు, ఆడుపూవులు వేఱువేఱుగా పూయును. ఆడుపూవు క్రింద పుట్టుకతోనే చిన్నపిందె యుండును. మగపూవునకు సన్నని కాడ మాత్రమే యుండును. మొదటి కొన్ని దినములు తఱచుగా మగపూవులే వచ్చును. వానిని చూచి ఇది గొడ్డుపాదని పెఱికివేయువారు కలరు. ఆ మాట మొక్కకైనను మనిషికైనను తొందరపడి యనరానిది. కొంత ఓపికపట్టినచో ఆడుపూవులు తామే వచ్చును.

మగపూవులోని పుప్పొడి ఆడుపూవునకు చేరిననే పిందె కాయగును. ఈ పనిని తేనెటీగలు, ఇతర కీటకములు చేయును. ఇండ్లు దగ్గఱదగ్గఱగా నున్న వీధులలోను, మేడమీది కుండీలలోను అవి చాలినన్ని రాకపోవచ్చును. ముసురు పట్టిన దినములలో వాని రాక మఱియు తగ్గును. పుప్పొడి చేరని పిందె కొలదిదినములు నిలిచినట్లే నిలిచి కుళ్లిపోవును. ఎవరో వేలు చూపినందువలన గాదు.

నిజమునకు ఆ పిందెను రక్షింపగలది మన వేలే. గుమ్మడిపూవు తెల్లవారుజామున విచ్చి ప్రొద్దెక్కునప్పటికి ముడుచుకొనును గనుక ఆ పని ఉదయముననే చేయవలెను. సొరపూవు, బీరపూవు సాయంకాలము విచ్చును గనుక వానికి దీపముపెట్టు వేళ తగినది. అప్పుడే విచ్చిన మగపూవును కోసి, రేకులు తీసివేసి, నడిమి పుప్పొడికాడను ఆడుపూవు నడుమ మెల్లగా తాకింపవలెను. ఒక మగపూవు రెండు మూడు ఆడుపూవులకు చాలును.

నిలిచిన కాయయు కొన్నిమార్లు వంకరపోయి, జిగురు కారి, కుళ్లును. అది కాయ యీగ పని. ఆ యీగ లేతకాయ తోలు క్రింద గ్రుడ్లు పెట్టును. లోపల పెరిగిన తెల్లపురుగులు కాయతో నేలకు రాలి, మట్టిలో దాగి, మఱల యీగలై వచ్చును. కనుక అట్టి కాయలను పాదుక్రింద విడువరాదు. ఏరి మరుగునీటిలో వేయవలెను. పిందె నిలిచినదని తోచగానే కాగితపు సంచినిగాని పలుచని పాతగుడ్డ సంచినిగాని వదులుగా తొడిగినచో ఈగ చేరదు. దిష్టిబొమ్మ కంటె ఈ గుడ్డసంచి మేలు.

ఆ మూడు దినముల మాట

బహిష్టయైన స్త్రీ ముట్టిన మల్లెపాదు మాడిపోవుననియు, ఆమె నీడ సోకిన కరివేపమొక్క యెండిపోవుననియు అనేకుల నమ్మకము. దీనికై శాస్త్రగ్రంథములు తిరుగవేయ నక్కఱలేదు. మన గోదావరి, కృష్ణా డెల్టాలలో తరతరములుగా వరినాట్లు వేసినవియు కలుపు తీసినవియు స్త్రీల చేతులే. కూలికి పోవు స్త్రీ నెలకు మూడు దినములు పొలము మానుకొన్నచో ఆమె పొయ్యి వెలుగదు. ఆమె చేయి సోకి నారు వాడిపోవునదే యైనచో మన కంచములలో అన్నము ఉండెడిది కాదు. ఎకరములకొలది పైరునకు తగులని దోషము మన పెరటిలోని మల్లెకు మాత్రము ఎట్లు తగులును?

ఇందు మఱియొక చిక్కు కలదు. ఇంట మొక్కలకు నీరు పోయునది ఆ యిల్లా లొక్కతెయే యైనప్పుడు, ఆమెను పెరటిలోనికి రానీయని మూడు దినములును మొక్కలకు నీరుండదు. నడివేసవిలో కుండీలోని లేతకరివేప అంతమాత్రముననే నిజముగా వాడిపోవును. అప్పుడు “చూచితిరా, పెద్దల మాట తప్పునా?” అందురు. నమ్మకము తన సాక్ష్యమును తానే పుట్టించుకొన్నది. అలసిన దినములలో స్త్రీకి విశ్రాంతి నిచ్చుట మంచిదే. ఆ దినములలో నీరు పోయుపనిని ఇంటిలోని మగవారికో పిల్లలకో అప్పగించినచో విశ్రాంతియు దక్కును, మొక్కయు బ్రతుకును.

వంగ, మిరప, బెండ

వంగమొక్క చక్కగా పెరుగుచుండగా ఒకనాడు చిగురు తలవంచి వ్రేలాడును. నీరు చాలలేదని మఱింత నీరు పోయుదురు. ఆ చిగురును త్రుంచి చీల్చి చూచినచో లోపల పురుగు కనబడును. పిమ్మట కాయలను తొలుచునదియు ఈ పురుగే. కావున వాలిన చిగురును పురుగున్నచోటికి దిగువగా త్రుంచి నలిపివేయవలెను. వారమున కొకమారు తప్పక ఇట్లు చేయుచుండినచో కోతలో పుచ్చుకాయలు తగ్గును.

మిరపయాకు పైకి దోనెవలె ముడుచుకొన్నచో అది తామరపురుగుల పని. క్రిందికి ముడుచుకొన్నచో నల్లి పని. ఈ రెండింటిని కంటితో చూచుట కష్టము. అందుచేతనే మిరపముడతను కన్నుదిష్టి యనుట వాడుకయైనది. వేపగింజల పప్పు 50 గ్రాములు పొడిచేసి, ఒక లీటరు నీటిలో రాత్రియంతయు నాననిచ్చి, గుడ్డతో వడగట్టి, కొంచెము సబ్బునీరు కలిపి, సాయంకాలము ఆకుల అడుగుభాగము తడియునట్లు చల్లవలెను. ముడత కనబడిన తొలిదినములలోనే మొదలిడి వారమున కొకమారు చల్లుచుండినచో ఉపశమించును. ముదిరిన పిదప దీనివలన లాభము తక్కువ.

బెండయాకుల ఈనెలు పసుపుపచ్చనై వలవలె కనబడినచో అది తెల్లదోమ మోసికొనివచ్చిన తెగులు. సోకిన మొక్కను బాగుచేయు మందు లేదు. జాలిపడి ఉంచుకొన్నచో ప్రక్కమొక్కలకు గూడ సోకును గనుక వెంటనే పెఱికివేయవలెను. ఈ తెగులును తట్టుకొనుటకై రూపొందించిన అర్క అనామిక వంటి విత్తనములు దొరకును. తోటలో కొన్నిటిని వదలుకొనుట నేర్చుకొనవలెను. అది ఓటమి కాదు.

పండ్లచెట్ల యెడ ఓపిక

బొప్పాయి త్వరగా ఫలమిచ్చునదే గాని ఆశాభంగమును గూడ త్వరగా కలిగించును. నాటు బొప్పాయి విత్తినచో పుట్టిన మొక్కలలో ఇంచుమించు సగము మగచెట్లగును. పూచువఱకు గుఱుతింప వీలులేదు. కనుక ఒక్కొక్క గుంటలో మూడు నాలుగు మొక్కలు నాటి, పూవులు చూచిన పిమ్మట ఆడుచెట్టు నొకదానిని నిలిపి తక్కినవి తీసివేయవలెను. పుప్పొడికై తోటలో నొక మగచెట్టు నుంచిన చాలును. మొదటనే ఒక్క మొక్క నాటి, అది మగదైనచో “మా పెరటికి బొప్పాయి అచ్చిరాదు” అనుట న్యాయము కాదు. బొప్పాయికి పరమశత్రువు మొదట నిలిచిన నీరు. వానకాలమున ఒకటి రెండు దినములు నీరు నిలిచిన చాలును, వేరు కుళ్లి చెట్టు కూలును. కనుక మెఱకనేలనే నాటవలెను.

అంటుమామిడి విషయమున మఱియొక కథ వినుచుందుము. “కొన్నది బంగినపల్లి, కాచినది పుల్లమామిడి” అని అంటు అమ్మినవానిని తిట్టుదురు. అతడు మోసగించి యుండవచ్చును. కాని తఱచుగా జరుగునది వేఱు. అంటుముడికి దిగువనుండి, అనగా నాటుమొక్క భాగమునుండి, బలమైన చిగుళ్లు పుట్టును. అవి ఏపుగా నున్నవని మురిసి ఉంచుకొన్నచో పైనున్న బంగినపల్లి కొమ్మ క్షీణించి చచ్చును, నాటుమామిడి చెట్టగును. కనుక ముడికి దిగువ చిగురు కనబడినప్పుడెల్ల గిల్లివేయవలెను. మొదటి రెండు మూడేండ్లు వచ్చిన పూతను గూడ త్రుంచివేసినచో చెట్టు బలపడును. ఆ పూతను త్రుంచుటకు మనసొప్పదు. అయినను త్రుంచవలెను.

ఋతువు, నీరు, ఎరువు

మన వైపున రామములగ యనియు పిలువబడు టొమాటో మొక్క నడివేసవిలో పచ్చగా నుండి, పూచి, పూవంతయు రాల్చును. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రులును చల్లబడనప్పుడు దాని పూవు నిలువదు. ఇందు ఇల్లాలి దోషమేమియు లేదు. వర్షకాలముననో చలికాలపు మొదటనో నాటిన మొక్కయే కాచును. కొత్తిమిరయు ఎండలకు సరిగా మొలవదు. చలిదినములలో ధనియాలను రెండు బద్దలగునట్లు నలిపి చల్లి, 10, 15 దినములు వేచియుండవలెను.

టొమాటోకాయ అడుగున నల్లనిమచ్చ పడుటకు తఱచుగా కారణము నీరు ఒకనాడు మిక్కుటముగాను ఒకనాడు లేకయు పోయుట. కొంచెమైనను నియమముగా పోయుట మేలు. కుండీ అడుగున రంధ్రము తప్పక యుండవలెను. పచ్చిపేడను మొక్క మొదట వేయరాదు. అది వేరును కాల్చును, వేరుపురుగులను చేర్చును. బాగుగా చివికిన ఎరువునే వాడవలెను. వంటింటి తొక్కలను, ఎండుటాకులను పొరలు పొరలుగా వేసి తడి ఆఱకుండ చూచినచో రెండు మూడు నెలలలో మంచి యెరువగును.

ఎంత ఆశింపవచ్చును?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల ప్రకారము, దినమునకు రెండువేల కాలరీల భోజనములో 400 గ్రాముల కూరగాయలు ఉండవలెను. అందు 100 గ్రాములు ఆకుకూరలు. నలుగురున్న యింటికి దినమునకు 1,600 గ్రాములైనది. చిన్నపెరడు ఇంత ఇచ్చునని యాశించినవారు తప్పక నిరాశ చెందుదురు. కాని ఇందులో ఆకుకూరల వంతు 400 గ్రాములే. దానిలో పెద్దభాగమును పెరడు ఈయగలదు. తోటకూర విత్తిన 25, 30 దినములకే కోతకు వచ్చును. వారమున కొక చిన్నమడి విత్తుచుండినచో ఎల్లప్పుడు లేతకూర యుండును. పాలకూర కోసినకొలది చిగుర్చును. బచ్చలితీగ ఒకమారు ప్రాకినచో చిరకాలముండును. గోంగూర కొనలు త్రుంచిన ప్రక్కకొమ్మలు వేయును. కనుక క్రొత్తగా మొదలిడువారు ఆకుకూరలతో మొదలిడి, పిమ్మట తీగపాదులకు, ఆపైన పండ్లచెట్లకు పోవుట మేలు. తొలి నెలలోనే చేతికి కూర వచ్చినచో ధైర్యము కలుగును.

ఒక చిన్నపుస్తకము

పచ్చళ్ల కొలతలు వ్రాసికొను పుస్తకము మన యిండ్లలో ననేకులకు కలదు. దానివంటిదే తోటకొక పుస్తకము పెట్టుకొనవలెనని మా మనవి. ఏ దినమున ఏ విత్తనము వేసితిమి, ఎన్నినాళ్లకు మొలిచినది, ఏ నెలలో ఏ పురుగు వచ్చినది, ఏమి చేయగా తగ్గినది, అను నాలుగుమాటలు చాలును. రెండేండ్లు వ్రాసినచో మీ పెరటికి మాత్రమే చెందిన పంచాంగ మొకటి తయారగును. అట్టిది ఏ అంగడిలోను దొరకదు. అదియే నిజమైన చేతిచలువ. దానిని కూతురికిని కోడలికిని ఈయవచ్చును.

సోదరీమణులారా, మఱొకమారు పిందె రాలినప్పుడు ఎవరు ముట్టిరని యడుగక, దానిని చేతిలోనికి తీసికొని చీల్చి చూడుడు. పురుగున్నచో ఈగ వచ్చినదని తెలియును. పురుగు లేనిచో పుప్పొడి చేరలేదని యెంచి, మఱునాటి ఆడుపూవునకు మీ చేతితోనే పుప్పొడి తాకింపుడు. పిల్లలను గూడ దగ్గఱకు పిలిచి, ఆడుపూవేదో మగపూవేదో వేలుపెట్టి చూపుడు.