భిలాయి వీథిలో ప్రశ్న, సదస్సులో పత్రం

1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందాన్ని అనుసరించి, నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో ఉన్న దుర్గ్ జిల్లా పల్లెల నడుమ భిలాయి ఉక్కు కర్మాగారం వెలసినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ అచ్చటి మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించినారు. ఏటా పది లక్షల టన్నుల ఉక్కు తొలి లక్ష్యం. ఉక్కుతోపాటు ఒక నగరం కూడ అచ్చట రూపొందినది. పంజాబు నుండి, కేరళ నుండి, బెంగాలు, బీహారుల నుండి మనుషులు వచ్చినారు. 1931లో పూర్తి అయిన విజయనగరం - రాయపూర్ రైలుమార్గం తెలుగువారికి దారి చూపినది. సెక్టార్లుగా విభజించిన నగరంలో కర్మాగారపు క్వార్టర్లు ఉద్యోగి శ్రేణిని బట్టి కేటాయింపబడినవి. భాషను బట్టి గాని, కులాన్ని బట్టి గాని కాదు. కనుక ఒక గోడకు ఇటు తెలుగు కుటుంబం, అటు మలయాళీ కుటుంబం, ఎదుట ఛత్తీస్‌గఢీ కుటుంబం ఉండుట అచ్చట సర్వసాధారణం.

భిలాయిని గురించి మాట్లాడేవారు సాధారణంగా ఒక మాట అంటారు: అచ్చట దేశమంతా ఒకే కుటుంబంగా నివసిస్తున్నదని. ఈ మాట వినుటకు ఇంపుగా ఉన్నది. ఇది నిజమా? నిజమైతే ఎంతవరకు నిజం? ఎవరి విషయంలో నిజం, ఎవరి విషయంలో కాదు? ఇవి సాంఘిక మనస్తత్వ శాస్త్రం అడిగే ప్రశ్నలు. ఉపన్యాస వేదికపై ఇటువంటి మాటకు చప్పట్లు లభిస్తాయి. పరిశోధకుల సదస్సులో మాత్రం దానికి రుజువు చూపవలె. ఆ సదస్సుకు పత్రం పంపుట అనగా ఏమిటో, దానికి అన్ని నియమాలు ఎందుకో భిలాయి ఉదాహరణతో తెలిసికొనవచ్చును.

భిన్న వర్గాలవారు దగ్గరగా నివసించినంత మాత్రాన వారి మధ్య అపనమ్మకం తొలగునా అన్న విచారణ కొత్తది కాదు. 1950లో యునెస్కో తరఫున గార్డనర్ మర్ఫీ అను అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త మన దేశానికి వచ్చి, దేశ విభజన అనంతరం మతవర్గాల మధ్య నెలకొన్న ఉద్రిక్తతలను భారతీయ పరిశోధకుల సహాయంతో అధ్యయనం చేసినారు. ఆయన గ్రంథం 1953లో వెలువడినది. మరుసటి సంవత్సరమే గార్డన్ ఆల్‌పోర్ట్ తన ప్రసిద్ధ గ్రంథంలో, పరిచయం సద్భావంగా మారుటకు నాలుగు పరిస్థితులు తోడ్పడునని ప్రతిపాదించినారు: ఉభయులకు సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పోటీ లేని సహకారం, అధికార వ్యవస్థ మద్దతు. ఇవి లేనిచోట సాన్నిహిత్యం రాపిడికి కూడ దారితీయవచ్చును. 2006లో పెటిగ్రూ, ట్రాప్ అను ఇరువురు అంతకు పూర్వం జరిగిన 515 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కించగా, పరిచయం పెరిగినచోట సాధారణంగా దురభిప్రాయం తగ్గినట్లు తేలినది. అయితే ఆ తగ్గుదల అంత పెద్దదేమీ కాదు. ఉత్తరప్రదేశ్‌లో క్రికెట్ జట్లతో జరిగిన ఒక ప్రయోగ ఫలితాలు 2021లో ప్రచురితమైనవి. వేర్వేరు కులాల యువకులు ఒకే జట్టులో ఆడినపుడు కులాంతర స్నేహాలు పెరిగినవి. ఎదురు జట్లలో ఆడినపుడు ఆ మేలు కనిపించలేదు.

ఉక్కునగరాలకు ఈ సిద్ధాంతం ఎంత దగ్గరగా వస్తుందో గమనింపదగును. ఒకే క్వార్టరు శ్రేణి, ఒకే కొలిమి, ఒకే క్యాంటీను, ఒకే యాజమాన్యం. కాగితంపై నాలుగు పరిస్థితులూ ఉన్నట్లే. కాని పశ్చిమ జర్మనీ సహకారంతో నిర్మింపబడిన రూర్కెలాలో 1964లో మతకలహాలు చెలరేగినవి. భిలాయి తొలి దశాబ్దాలలో అటువంటి హింసను ఎరుగదు. రెండు ప్రభుత్వరంగ ఉక్కునగరాల మధ్య ఇంత తేడా ఎందుకు వచ్చినదని జొనాథన్ పారీ, క్రిస్టియన్ స్ట్రుంపెల్ అను మానవశాస్త్రవేత్తలు పరిశీలించి, 2008లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ఒక వ్యాసం ప్రచురించినారు. కర్మాగారపు గోడలకు లోపల మాత్రమే సమాధానం దొరకదనీ, పరిసర ప్రాంతపు రాజకీయాలను, స్థానికులకూ వలస వచ్చినవారికీ మధ్యగల సంబంధాలను కూడ చూడవలెననీ ఆ పోలిక సూచించినది. ఒక్క భిలాయినే చూచి వ్రాసినవారికి ఈ సంగతి స్ఫురించి ఉండదు.

చెదరిపోయిన వదంతులు

పత్రం పంపకపోతే ఏమి నష్టమని విద్యార్థి అడగవచ్చును. దీనికి రెండు వదంతుల కథ సమాధానం చెప్పును.

1934 జనవరి 15న బీహారులో మహాభూకంపం సంభవించినది. ఆ వెంటనే రాబోవు మరిన్ని ఉపద్రవాలను గురించి పుకార్లు వ్యాపించినవి. జమునా ప్రసాద్ అను మనస్తత్వ శాస్త్రవేత్త ఆ పుకార్లను సేకరించి, పరిశీలించి, 1935లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకాలజీలో వ్యాసంగా ప్రచురించినారు. సుమారు ఇరువది సంవత్సరాల తర్వాత అమెరికాలో లియాన్ ఫెస్టింగర్ ఆ వ్యాసాన్ని చదివినారు. ఆయనను ఆకర్షించినది ఒక వింత విషయం: భూమి కంపించుట తెలిసినా నష్టం ఏమీ జరుగని ప్రాంతాల ప్రజలు తమను మరింత భయపెట్టే పుకార్లను నమ్మినారు. భయం ముందే ఉన్నది. దానికి తగిన కారణాన్ని మనస్సు తరువాత కల్పించుకొన్నది. 1957లో ఫెస్టింగర్ ప్రకటించిన జ్ఞాన వైరుధ్య సిద్ధాంతానికి ప్రేరణలలో ఇది ఒకటి. నేడు ప్రపంచంలో సాంఘిక మనస్తత్వ శాస్త్ర పాఠ్యగ్రంథమేదైనా ఆ సిద్ధాంతాన్ని వదలదు. దాని మూలంలో బీహారు పల్లెల మాటలు ఉన్నవని మాత్రం చాలమందికి తెలియదు.

భిలాయిలో కూడ ఒక వదంతి ఉండినది. నిర్మాణకాలంలో పునాదులకు నరబలి కావలెననీ, అందుకు మనుషులను పట్టుకొని పోవుచున్నారనీ పరిసర గ్రామాలవారు భయపడినారు. దశాబ్దాల తర్వాత భిలాయికి వచ్చిన పారీ వృద్ధుల నోట ఈ జ్ఞాపకాలను విని వ్యాసంగా వ్రాసినారు. భూమిని కోల్పోయిన రైతు ఆ యంత్రాన్ని ఏ దృష్టితో చూచినాడో తెలుపుటకు ఇంతకంటె విలువైన సాక్ష్యం దొరకదు. ఆ పుకారు పుట్టిన రోజులలోనే ఎవరైనా దానిని ఊరు వారీగా, తేదీ వారీగా నమోదు చేసి ఒక శాస్త్ర సభ ముందు ఉంచి ఉంటే, ఏ ఊరిలో అది బలపడినది, ఎక్కడ సద్దుమణగినది అన్నది తెలిసి ఉండెడిది. జ్ఞాపకంలో మిగిలినది జ్ఞాపకంగానే దొరికినది.

మన దేశంలో అటువంటి సభలకు కొరత లేకుండెను. భారత మనస్తత్వ శాస్త్ర సంఘం 1924లోనే స్థాపితమైనది. సాంఘిక శాస్త్ర పరిశోధనకు చేయూతనిచ్చు భారత సాంఘిక శాస్త్ర పరిశోధనా మండలి 1969లోను, నేషనల్ అకాడమీ ఆఫ్ సైకాలజీ 1989లోను ఏర్పడినవి. 1995లో స్థాపితమైన ఆసియా సాంఘిక మనస్తత్వ శాస్త్ర సంఘం తన 2009 సదస్సును ఢిల్లీలో జరిపినది.

సంగ్రహం అనబడే పరీక్ష

సదస్సు నిర్వాహకులు ముందుగా పత్రాలను ఆహ్వానిస్తూ ప్రకటన వెలువరింతురు. పరిశోధకుడు గడువు తేదీలోగా తన పరిశోధన సంగ్రహాన్ని, సాధారణంగా రెండు మూడు వందల మాటలకు మించకుండ, పంపవలెను. ప్రశ్న ఏమిటి, అది ఎందుకు ముఖ్యం, ఎవరిని ఏ విధంగా ప్రశ్నించినారు, ఏమి తేలినది, దానిని ఎంతవరకు నమ్మవచ్చును - ఇంతే అందులో ఉండవలెను. అనేక సదస్సులలో రచయిత పేరు, సంస్థ పేరు తొలగించి సంగ్రహాన్ని పరీక్షకులకు ఇస్తారు. ప్రసిద్ధ ఆచార్యుని పత్రం, మారుమూల కళాశాల విద్యార్థి పత్రం అప్పుడు ఒకే తూకంలో తూగును. అంగీకృతమైన వాటిలో కొన్ని వేదికపై ఉపన్యాసాలుగాను, కొన్ని గోడపై అమర్చిన పోస్టర్లుగాను సభకు వచ్చును. పోస్టరు తక్కువది అని కొందరు చిన్నబుచ్చుకొందురు. నిజానికి పోస్టరు దగ్గర నిలిచిన విద్యార్థిని అరగంటలో పదిమంది నిలదీయుదురు. ఉపన్యాసం తర్వాత సాధారణంగా రెండు ప్రశ్నలకే సమయం చాలదు.

భిలాయి కళాశాల విద్యార్థిని ఒకామె ఇటువంటి సంగ్రహం వ్రాయబూనినదని ఊహింతము. ఆమె మొదట పెట్టిన శీర్షిక 'భిలాయి సెక్టార్లలో జాతీయ సమైక్యత' అనుకొందము. పరీక్షకుడు దానిని తిప్పి పంపుట ఖాయం, ఏలననగా అందులో ప్రశ్న లేదు. సమాధానం ముందే తయారుగా ఉన్నది. 'భిన్న భాషల ఇరుగుపొరుగుతో నివసించిన కాలం పెరిగినకొలది పరభాషా కుటుంబాలతో పరస్పర సహాయం పెరుగునా?' అని మార్చినచో అది పరిశోధన అగును. ఎందుకనగా, దీనికి 'పెరుగదు' అన్న సమాధానం కూడ రావచ్చును.

తరువాతి చిక్కు కొలతలో ఉన్నది. 'మీకు పరభాషల వారంటే సద్భావం ఉన్నదా?' అని అడిగితే లేదనేవారు అరుదు. ఎదుట ఉన్న వ్యక్తి మెచ్చే సమాధానం చెప్పుట మనిషి స్వభావం. అందుచేత అనుభవజ్ఞులు భావాన్ని అడుగక జరిగిన పనిని అడుగుతారు. క్రిందటిసారి ఇంట జబ్బు చేసినపుడు సెక్టారు 9 ఆసుపత్రికి వెంట వచ్చినది ఎవరు? నెలాఖరులో చేబదులు ఎవరి నుండి తెచ్చినారు? అమ్మాయి పెండ్లికి ఏ ఏ ఇండ్లవారు భోజనానికి కూర్చున్నారు? ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులు లెక్కకు అందును.

మరొక చిక్కు ఇంకను సూక్ష్మమైనది. స్నేహశీలురే మిశ్రమ వీథులను కోరి చేరినచో, స్నేహానికి కారణం వీథి అని చెప్పుటకు వీలుండదు. అయితే క్వార్టరు కేటాయింపు శ్రేణిని అనుసరించి జరుగుటచేత చాలమంది తమ పొరుగువారిని తాము ఎన్నుకొనలేదు. పరిశోధకునికి ఇది గొప్ప వరం. సాధారణ నగరంలో లభింపనిది. తరువాత క్వార్టరు మార్పించుకొన్నవారెందరో కూడ సంగ్రహంలో చెప్పినచో పరీక్షకుని అనుమానం సగం తీరును.

భాష విషయం చెప్పనే అక్కరలేదు, కాని చెప్పక తప్పదు. తెలుగు ప్రశ్నావళిలో 'మనవాళ్లు' అన్న మాట వాడినారనుకొందము. ఒకరికి అది బంధువులు, ఒకరికి కులంవారు, ఒకరికి తెలుగువారందరు. ముప్ఫై ఏండ్లుగా పక్కనే ఉండి, 'వదినా' అని పిలిచే బెంగాలీ ఇల్లాలు కూడ మరొకరికి మనవాళ్లలోనే చేరును. ఛత్తీస్‌గఢీలో బయటివారిని 'పరదేసియా' అందురు. అందులోని ఎత్తిపొడుపు హిందీ 'పరదేశీ'లో అంతగా ధ్వనింపదు. అందువలన ఒక భాష నుండి మరొక భాషకు మార్చిన ప్రశ్నను, మూలం చూడని మరొకరిచేత తిరిగి మొదటి భాషలోకి మార్పించి సరిచూచుట నియమం.

ఎవరిని అడుగలేదు?

ఇంత శ్రద్ధతో చేసిన పని కూడ ఒకచోట బోల్తా పడగలదు. సెక్టార్లలో తిరుగుట సులభం; వీథులకు అంకెలు ఉన్నవి, ఇండ్లకు అంకెలు ఉన్నవి. కాని అదే కర్మాగారంలో పనిచేసే కంట్రాక్టు కూలీలు అధికభాగం ఆ క్వార్టర్లలో ఉండరు. బస్తీలలో, చుట్టుపట్ల గ్రామాలలో ఉందురు. పారీ 2020లో వెలువరించిన 'క్లాసెస్ ఆఫ్ లేబర్' అను బృహద్గ్రంథంలో ప్రధానంగా చూపినది ఈ చీలికనే. స్థిరమైన ఉద్యోగమును 'నౌకరీ' అనీ, రేపు ఉండునో లేదో తెలియని కూలిని 'కామ్' అనీ అచ్చటివారే వేరు చేసి పిలుతురు. నౌకరీ ఉన్నవారి పనిబృందాలలో ప్రాంత, కుల భేదాలు చాలవరకు సడలినవి. కాని నౌకరీకి, కామ్‌కు మధ్య జీతంలోను, పిల్లల చదువులోను, ఆశలలోను దూరం పెరిగినది. ఆల్‌పోర్ట్ చెప్పిన సమాన హోదా అను మొదటి షరతే ఇచ్చట లోపించినది. సెక్టార్లలో మాత్రమే సేకరించిన నమూనా 'భిలాయి ప్రజలు' అన్న పేరుతో సదస్సుకు వచ్చినచో, అది సగం నగరాన్ని కనబడకుండ చేసిన పత్రం అగును.

నమూనాను గురించిన ఈ పట్టుదలకు శాస్త్రం తన సొంత అనుభవంలోనే మూల్యం చెల్లించినది. 2008లో జెఫ్రీ ఆర్నెట్ ప్రముఖ అమెరికన్ పత్రికలను పరిశీలించగా, అధ్యయనాలలో పాల్గొన్నవారిలో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవారే. ప్రపంచ జనాభాలో ఆ దేశాల వాటా సుమారు 12 శాతం. 2015లో ఒక పరిశోధక బృందం మనస్తత్వ శాస్త్రంలోని 100 ప్రచురిత అధ్యయనాలను తిరిగి చేసి చూడగా, మూడవ వంతుకు కొంచెం పైగా మాత్రమే మొదటి ఫలితాన్ని మరల ఇచ్చినవి. సాంఘిక మనస్తత్వ శాస్త్రానికి చెందినవాటిలో సుమారు నాలుగవ వంతే నిలిచినవి. ఆ తరువాత చాలచోట్ల, ఏమి కనుగొనబోవుచున్నారో, ఎంతమందిని అడుగనున్నారో ముందుగానే వ్రాసి నమోదు చేయు పద్ధతి ప్రబలినది. ఫలితం అనుకొన్నట్లు రాకపోయినా పత్రాన్ని తిరస్కరింపరాదన్న ఆలోచన కూడ బలపడినది.

భిలాయిలో రాబోవు పత్రాలు వ్రాయవలసినవారు బహుశా ఆ వీథులలోనే పెరిగినారు. రాయపూర్‌లో 1964 నుండి విశ్వవిద్యాలయం ఉన్నది. 2016లో స్థాపితమైన ఐఐటీ నేడు భిలాయిలోనే ఉన్నది. ఛత్తీస్‌గఢీ, హిందీ, తెలుగు మూడూ ఇంటి భాషలుగా ఎరిగిన విద్యార్థులు అచ్చట అరుదు కారు. పారీ గ్రంథానికి కూడ భిలాయివాసి ఒకరు సహకారి. సమాధానమిచ్చువారి సమ్మతి తీసికొనుట, వారి పేర్లు బయటపెట్టకుండుట ఎటులనూ తప్పనిసరి. సొంత వీథిలో పనిచేయువారికి ఇది మరింత కష్టం, పేరు చెప్పకున్నను ఇల్లు గుర్తుపట్టుదురు. కంట్రాక్టు కూలీలను కలియదలచినవారు గడువు తేదీని చూచుకొని చాల ముందుగా బయలుదేరవలసి ఉండును. వారు ఇంట దొరకు వేళలు తక్కువ. షిఫ్టు ముగిసి గేటు దాటిన తరువాత నిలిచి పది ప్రశ్నలకు జవాబు చెప్పుటకు వారికి తీరిక ఉండదు, ఆ సమయానికి కూలి కట్టి ఇచ్చేవారూ ఉండరు.