టెరాహెర్ట్జ్ కంప్యూటర్ వచ్చేస్తోందా?

మొన్న మా మేనల్లుడు విజయనగరం నించి ఫోను చేశాడు. "మామయ్యా, మీ డ్రెస్డెన్‌లోనే గ్రాఫీన్‌తో టెరాహెర్ట్జ్ క్లాక్ కనిపెట్టారటగా! స్పీడు వెయ్యి రెట్లయితే ఇంక ఈ పారలల్ ప్రోగ్రామింగ్ దేనికి?" వాడి చేతిలో జర్మనీ అడ్మిషన్లు రెండున్నాయి. ఒకటి కంప్యూటర్ సైన్సు, రెండోది ఫిజిక్సు. ఇంట్లో అందరూ మొదటిదాని వైపే. వాడి మనసు రెండోదాని మీద ఉంది, ఆ వార్త దానికి ఆజ్యం పోసింది.

వాడు చదివింది 2018 నాటి వార్త. పాతదైనా ప్రశ్న మంచిది. మనమందరం ఆ క్లాక్ మీద బతుకుతున్నవాళ్ళమే కనక, వాడికి చెప్పినదే మీకూ చెప్తాను. నేను ఫిజిక్సు పండితుణ్ణి కాను, సాఫ్ట్‌వేర్ వాణ్ణి.

ఎవరిదీ కాని పొలం

గిగాహెర్ట్జ్ అంటే సెకనుకి వంద కోట్ల ఊపులు. దానికి వెయ్యి రెట్లు టెరాహెర్ట్జ్. ఆ తరంగం పొడుగు 0.3 మిల్లీమీటరు. దీనికి ఒక పక్క రేడియో, మైక్రోవేవ్‌లు. ఇంకో పక్క ఇన్‌ఫ్రారెడ్. రేడియో వాళ్ళు ఎలక్ట్రాన్లని అటూ ఇటూ ఊపి తరంగాలు పుట్టిస్తారు. ఊపు మరీ వేగమైతే ట్రాన్సిస్టర్లు అందుకోలేవు. లేజర్ వాళ్ళు ఎలక్ట్రాన్లని పై మెట్టు నించి కింది మెట్టుకి దింపి కాంతి పుట్టిస్తారు. ఇక్కడ ఆ మెట్టు ఎంత చిన్నదంటే, గదిలో ఉండే వేడికే ఎలక్ట్రాన్లు దాన్ని ఎక్కేస్తాయి. అందుకని ఈ మధ్య భాగం రెండూళ్ళ పొలిమేరలో ఎవరూ దున్నని పొలంలా చాలాకాలం మిగిలిపోయింది.

జర్మనీకి ఈ పొలంతో పాత చుట్టరికం ఉంది. 1900లో బెర్లిన్‌లో రూబెన్స్, కుర్ల్‌బౌమ్ అనే ఇద్దరు, వేడి వస్తువుల నించి వచ్చే 51 మైక్రాన్ల కిరణాలని కొలిచారు. నేటి లెక్కలో అది సుమారు 6 టెరాహెర్ట్జ్. అప్పటికి చెలామణిలో ఉన్న వీన్ సూత్రం అక్కడ తప్పింది. ఆ కబురు విన్న మాక్స్ ప్లాంక్ అదే అక్టోబరు 19న కొత్త సూత్రం వినిపించాడు. క్వాంటం సిద్ధాంతానికి నాంది అదే.

మైకుసెట్టు కిటుకు

ఇంతకీ 2018లో జరిగిందేమిటి? పెన్సిల్‌లో ఉండే గ్రాఫైట్‌ని ఒక్క అణువు మందం దాకా పలచన చేస్తే వచ్చేది గ్రాఫీన్. డ్రెస్డెన్ శివార్లలో రోసెన్‌డోర్ఫ్‌లో ఉన్న హెల్మ్‌హోల్ట్జ్ కేంద్రం, డూయిస్‌బుర్గ్-ఎసెన్ విశ్వవిద్యాలయం, మైన్జ్‌లోని మాక్స్ ప్లాంక్ పాలిమర్ సంస్థ కలిసి, ఈ రేకు మీదకి 0.3 టెరాహెర్ట్జ్ తరంగాలు పంపాయి. అవతలి పక్క 0.9, 1.5, 2.1 టెరాహెర్ట్జ్ తరంగాలు కూడా వచ్చాయి. అంటే మూడింతలు, అయిదింతలు, ఏడింతలు. అదీ మామూలు గది వేడిలో. ఫలితాలు సెప్టెంబరులో నేచర్ పత్రికలో వచ్చాయి.

ఇదెలా సాధ్యం? మన ఊళ్ళో పెళ్ళిపందిట్లో మైకుసెట్టు గుర్తు తెచ్చుకోండి. వాల్యూమ్ మితంగా ఉన్నంతసేపూ పాట పాటలాగే ఉంటుంది. మరీ పెంచితే స్పీకరు అందుకోలేక, అలల కొసలు తెగి, పాటలో లేని కీచు స్వరాలు పుడతాయి. గ్రాఫీన్‌లో జరిగేదీ ఇలాంటిదే. బలమైన తరంగం తగలగానే దానిలోని ఎలక్ట్రాన్లు సెకనులో లక్షకోట్లో వంతుకన్నా తక్కువ సమయంలోనే వేడెక్కుతాయి. వేడెక్కితే కరెంటు మోసే శక్తి తగ్గుతుంది. చల్లారితే మళ్ళీ పెరుగుతుంది. తరంగం పైకి లేచినప్పుడూ, కిందికి దిగినప్పుడూ ఒకేలా ఇలా జరగడంతో కరెంటు అల ఆకారం మారుతుంది, బేసి రెట్ల స్వరాలు పుడతాయి. మైకుసెట్టుకి అది జబ్బు, ఇక్కడ అదే మందు.

ఎంత చేతికొచ్చింది?

ఇక్కడే జాగ్రత్తగా చదవాలి. మూడింతల తరంగపు విద్యుత్ క్షేత్రం, పంపినదానిలో వెయ్యో వంతు. శక్తి లెక్కలో దాన్ని వర్గం చెయ్యాలి కనక అది పది లక్షల్లో ఒక వంతే! 2021లో గ్రాఫీన్ మీద లోహపు చారలు అమర్చి, క్షేత్రం లెక్కలో సుమారు నూరో వంతు దాకా తెచ్చారు. కొద్ది వోల్టుల గేట్ వోల్టేజీతో ఈ గుణాన్ని పెంచడం, తగ్గించడం కూడా అదే ఏడాది చూపించారు. కాని ఈ ప్రయోగాలకి తరంగాలిచ్చినది బల్ల మీద పెట్టుకునే డబ్బా కాదు, భవనమంత ఎలక్ట్రాన్ యాక్సిలరేటర్.

మరి కంప్యూటర్?

ఫ్రీక్వెన్సీని హెచ్చవేసే పరికరం వేరు, ప్రాసెసర్ వేరు. మామూలు గ్రాఫీన్‌లో బ్యాండ్‌గ్యాప్ లేదు కనక దానితో చేసిన ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆఫ్ అవదు. సున్నా సరిగ్గా రాకపోతే లాజిక్ ఎక్కడిది? సరే, ఆ చిక్కు తీరిందనుకుందాం. 1 టెరాహెర్ట్జ్ క్లాక్ ఒక్కసారి టిక్‌మనేలోగా కాంతి నడిచేది 0.3 మిల్లీమీటరు. సెంటీమీటరు చిప్ దాటాలంటే కాంతికే 33 టిక్కులు పడుతుంది. పైగా 2005 ప్రాంతంలో క్లాక్ పరుగుకి పగ్గం వేసిన వేడి సమస్య ఉండనే ఉంది. పారలల్ ప్రోగ్రామింగ్ నించి మనకి విముక్తి లేదు.

అలాగని ఇది పనికిరాని ముచ్చట కాదు. 2013లో కార్ల్స్‌రూహెలో, గ్రాఫీన్ లేకుండానే, 237.5 గిగాహెర్ట్జ్ మీద 20 మీటర్ల దూరం సెకనుకి 100 గిగాబిట్లు గాలిలో పంపారు. అలాంటి లింకులకి ఇంకా పై ఫ్రీక్వెన్సీలు కావాలంటే, కింది ఫ్రీక్వెన్సీని హెచ్చవేసే చవకైన చిన్న పరికరం కావాలి. గ్రాఫీన్‌కి అసలు చోటు అక్కడ ఉండచ్చు.

అంతా విని మావాడు కాసేపు మాట్లాడలేదు. "అయితే కంప్యూటర్సే తీసుకోమంటావా మామయ్యా?" అన్నాడు. "టెరాహెర్ట్జ్ కంప్యూటర్ వస్తుందని మాత్రం ఫిజిక్సు తీసుకోకు. నూరో వంతుని పదో వంతు చెయ్యడం ఎలాగా అని నిద్ర పట్టకపోతే తీసుకో," అన్నాను.

మర్నాడు పొద్దున్నే వాడి దగ్గర్నించి మెసేజీ వచ్చింది: "ఆ రేకు మీద చారలు ఎంత ఎడంగా పెట్టారు?"

మా అక్కయ్యకి ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను.