పాత కంప్యూటర్‌కు ఏ లినక్స్?
పేర్ల జాబితా కాదు, చేసే పనే తేల్చాలి

మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు తెర దించింది. ఏడాది పొడిగింపు పథకం మాట అటుంచితే, మామూలు భద్రతా సవరణలు ఆ రోజుతో ఆగిపోయాయి. విండోస్ 11కు మారదామంటే ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరానిదై ఉండాలి, టీపీఎం 2.0 కావాలి. 2017కు ముందు కొన్న యంత్రాలు దాదాపు అన్నీ ఆ అర్హతకు ఆమడ దూరం. మరి చక్కగా పనిచేస్తున్న కంప్యూటర్‌ను తుక్కు కింద అమ్మేయాలా? లినక్స్ ఉందిగా అంటారు తెలిసినవారు. చిక్కల్లా అది ఒకటి కాదు, వందల రకాలు.

రాయ్‌పూర్ పడమటి అంచున, లారీల రద్దీకి పేరుపడ్డ టాటీబంధ్‌నే తీసుకోండి. అక్కడ ఎయిమ్స్ చుట్టుపక్కల కాపురముంటున్న కుటుంబానికి సరిపడే జవాబు, లారీ బుకింగ్ ఆఫీసుకు సరిపడదు.

ఇంటి సంగతి తేలిక. ఇంటర్నెట్, వీడియోలు, పిల్లల పాఠాలు, కరెంటు బిల్లు: వీటికి లినక్స్ మింట్ చాలు. కింద మెనూ, మూలన గడియారం... విండోస్‌కు అలవాటుపడ్డ చేయి తడబడదు. 22 శ్రేణికి 2029 దాకా సవరణలు వస్తాయి. 4 జీబీ మెమరీ మాత్రమే ఉంటే అందులోనే తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ రకం మేలు. ఉబుంటు దీర్ఘకాలిక విడుదలకూ ఐదేళ్ల భరోసా ఉంది. ఫెడోరా మంచిదే కానీ ఒక్కో విడుదల ఆయుష్షు సుమారు 13 నెలలు. ఇక ఆర్చ్ సంగతి, ఆదివారాలు దానికే ధారపోయగల ఔత్సాహికులకు వదిలేద్దాం.

ఆఫీసుకొస్తేనే అసలు పరీక్ష. ఈ-వే బిల్లు, జీఎస్టీ రిటర్నులు బ్రౌజర్‌లో సాగిపోతాయి. లెక్కలుండే టాలీ మాత్రం విండోస్ కోసం తయారైంది. వైన్ సాయంతో నడపొచ్చంటారు గానీ, ఖాతాల మీద ప్రయోగాలు చేసే గుమాస్తాను ఏ యజమానీ ఉంచుకోడు. డిజిటల్ సంతకం టోకెన్‌కు లినక్స్ డ్రైవర్ ఉందో లేదో ముందే కనుక్కోవాలి. బిల్టీలు కొట్టే ప్రింటర్‌నూ పరీక్షించాలి. టాలీ తప్పదనుకుంటే ఆ ఒక్క కంప్యూటర్‌నూ విండోస్ 11కు మార్చి, మిగతావాటిలో లినక్స్ పెట్టుకోవడమే లాభం.

రాయ్‌పూర్, భిలాయ్‌లలో స్థిరపడిన తెలుగువారికి ఇంకో సందేహం: తెలుగు వస్తుందా? నిక్షేపంగా. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతిని ఐబస్‌తో చేర్చుకోవచ్చు. హైదరాబాద్ స్వేచ్ఛ బృందం తెలుగు లినక్స్‌నే రూపొందించింది. ఛత్తీస్‌గఢీకీ కేడీఈ 4 కాలంలోనే అనువాదం జరిగింది. ఇబ్బందల్లా అను ఫాంట్లలో దాచుకున్న పాత ఫైళ్లతోనే. యూనికోడ్‌లోకి మార్చకపోతే అవి అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. వ్యవస్థ మార్చకముందే ఆ పని ముగించాలి.

ఏదీ వెంటనే ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, హార్డ్‌డిస్క్‌ను తాకకుండా ఓ సాయంత్రం నడిపి చూడొచ్చు. వైఫై అందుకుందా, శబ్దం వచ్చిందా, ప్రింటర్ కదిలిందా? నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ ఆన్ చేస్తే పాత విండోస్ ఎక్కడిదక్కడే ఉంటుంది.